ఆరు పళ్ళ ఫుట్‌రెస్ట్

ఆ వీధిలో ఆవిడ అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. లేత్ వదిన అంటే చాలు, కూరల బండివాడి దగ్గర్నుంచి బ్యాంకు మేనేజరు దాకా అందరూ ఇల్లు చూపిస్తారు. ఇల్లంటే ఇల్లే, కాకపోతే ముందు సగం షెడ్డు. ఇనుప షట్టరు ఎత్తితే కుడిపక్క లేత్ మిషను, ఎడమపక్క వైసు బిగించిన బల్ల, గోడకు వరసగా ఆకురాళ్ళు, మూలన తుక్కు డ్రమ్ము కనిపిస్తాయి. ఆ వెనక తలుపు తీస్తే వంటిల్లు. వదిన పొయ్యి మీద పాలు పెట్టి ఇటొచ్చి లేత్ మీద షాఫ్టు పట్టేది. ఇన్నేళ్ళలో షాఫ్టు ఒక్కటీ చెడలేదు గానీ, పాలు మాత్రం లెక్కలేనన్నిసార్లు పొంగి పొయ్యి పాలయ్యాయి.

అత్త లేని కోడలు ఉత్తమురాలని సామెత కట్టినవాడెవడో గానీ, వాడు ఈ ఇంటి గడప తొక్కి ఉండడు. లేత్ మిషను అత్తగారిది. పెళ్ళయి వచ్చిన కొత్తలో, నీలం కోటు తొడుక్కుని జుట్టులో ఇనుప రజను మెరుస్తూ తిరిగే ఆ మనిషిని చూస్తే వదినకు పైప్రాణాలు పైనే పోయేవి. రెండో వారంలో అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి, "వంటదేముందమ్మాయ్, ఆకలేస్తే అదే వస్తుంది. ఇటు రా" అని చేతిలో ఒక ఇనుప ముక్కా, ఆకురాయీ పెట్టింది. ఆ రోజు అరచేతుల్లో లేచిన బొబ్బల్ని వదిన తర్వాత జీవితమంతా పతకాల్లా చెప్పుకుంది.

ఆ షెడ్డుకి ఒక కట్టుబాటు ఉంది. తయారైన ముక్క మీద, బయటికి కనబడని చోట, మొనదేలిన సెంటర్ పంచ్ పెట్టి సుత్తితో ఒక చుక్క కొట్టాలి. అయితే చేసిన మనిషి కొట్టకూడదు. ఇంకొకరు దాన్ని చేతిలోకి తీసుకుని, తిప్పి, తడిమి, కొలిచి, బాగుందనుకుంటేనే చుక్క. "కాకి పిల్ల కాకికి ముద్దు. మన పని మనకెప్పుడూ బాగానే ఉంటుంది" అనేది అత్తగారు. కోడలు చేసినదానికి అత్త, అత్త చేసినదానికి కోడలు. వదిన తన మొదటి చుక్క కోసం దాదాపు ఏడాది ఎదురుచూసింది. చుక్క పడిన రోజు వంటింట్లోకి పోయి తలుపేసుకుని ఏడ్చింది.

మూడేళ్ళ కిందట అత్తగారు పోయారు. పనులు ఆగలేదు, చుక్కలు ఆగిపోయాయి. వచ్చి ముక్క పట్టుకుపోయే వాళ్ళకి అదేమీ తెలియదు, వాళ్ళకి తిరిగే షాఫ్టు తిరిగితే చాలు. వదినకు మాత్రం ప్రతి ముక్కా చేతిలోంచి సగంలోనే వెళ్ళిపోయినట్టుండేది. మేకుకి వేలాడే పంచ్ వంక ఒకసారి చూసి, ముక్కను కాగితంలో చుట్టి ఇచ్చేసేది. ఆవిడ మొగుడు లారీ డ్రైవరు. ఇంట్లో రెండు లేత్‌లు తిరుగుతుంటే మధ్యలో తిరగలేక లారీ ఎక్కానని అందరితో చెప్పుకునే మనిషి. "పోనీ నేను కొట్టనా చుక్క?" అన్నాడు ఒకసారి పాపం. "నీకు బుష్‌కీ బిస్కెట్‌కీ తేడా తెలుసా?" అంది వదిన. మళ్ళీ అడగలేదు.

ఆ తేడా తెలిసిన మనిషి ఇంట్లో ఒక్కడే మిగిలాడు, మామగారు. కుర్రతనంలో మట్టిదారుల్లో మోటారు సైకిలు పందేలు తోలిన మనిషి. తర్వాత ముసలితనం వచ్చేదాకా అదే షెడ్డులో బళ్ళు బాగుచేశాడు. కళ్ళు మూసుకుని బొటనవేలితో తడిమి, ముక్క ఎక్కడ వెంట్రుకవాసి లావుందో చెప్పేవాడు. కానీ భార్య పోయిన రోజు నుంచి ఆయన షెడ్డులో కాలు పెట్టలేదు. వీధిలోకి రావాలంటే ఇంటి పక్క సందులోంచి చుట్టూ తిరిగి వచ్చేవాడు. మాట కూడా పొదుపే. ఆయన వచ్చి ఒక్క చుక్క కొడితే చాలని వదిన ఎన్నిసార్లు అనుకుందో. అడగడానికి నోరే రాలేదు.

ఇలా ఉండగా ఒకరోజు ఆడపడుచు ఊడిపడింది. ఆమె ఆ పక్క వీధిలోనే ఉంటుంది, బళ్ళో ఆటల టీచరు. తండ్రి పోలికే, రెండు చక్రాలది ఏది కనబడ్డా ఎక్కకుండా ఉండలేదు.

"వదినా, పాత క్వారీలో పాత బళ్ళ పందెం పెడుతున్నారు, వానలు వెలిశాక. నాన్న బండి బయటికి తీద్దాం. నేను తోలతా."

"నువ్వు తోలతావు సరే, తోలడానికి అక్కడ బండేదీ? ఎలుకల సత్రం గదే అది!"

"ఆ సత్రానికి తాళం తీసేది నువ్వే కదా!"

ఆ పందేనికో నియమం ఉంది. బండి ఆ కాలం నాటిదైతే సరిపోదు, బండి మీద కనబడే ప్రతి భాగమూ ఆ కాలం నాటిదే అయుండాలి. టైర్లు, చెయిను, కేబుళ్ళు ప్రాణానికి సంబంధించినవి కనుక కొత్తవి వేసుకోవచ్చు. అరిగిపోయే బుష్‌లూ ఇరుసులూ పాత కొలతకి పట్టించుకోవచ్చు. మిగతా దాంట్లో ఒక్కటి తేడా వచ్చినా బండి పందెంలో ఉండదు. తాడు కట్టిన ఆవరణలో బొమ్మలా నిలబడి, వచ్చేపోయే వాళ్ళతో ఫొటోలు దిగాల్సిందే.

ఇద్దరూ వెళ్ళి మామగారిని అడిగారు. ఆయన కుర్చీలోంచి కదలకుండా, "గాడిదా?" అన్నాడు. బండికి ఆయన పెట్టుకున్న ముద్దుపేరు అది. కాసేపు వీధి వంక చూసి, "చేతనైతే చెయ్యండి" అన్నాడు.

చేతనైతే! ఆ మాట వదిన గుండెల్లో ముల్లులా దిగింది. అదే రోజు మనసులో లెక్క కట్టేసుకుంది. బండిని ఆ కాలంలో ఎలా ఉండేదో అలా నిలబెట్టాలి, తనిఖీ దాటించాలి, మామగారు పందేల్లో వాడిన నలభై ఒకటో నంబరుతో క్వారీ ఎక్కించాలి. అప్పుడు మామగారు షెడ్డులోకి రాక ఎక్కడికి పోతాడు? చుక్క కొట్టక ఏం చేస్తాడు?

పెరటి కొట్టంలో పట్టా తీయగానే ముందు ఎలుకలు వచ్చాయి, తర్వాత తుప్పు కనబడింది, అన్నిటికన్నా చివర బండి కనబడింది. ఎర్ర ట్యాంకు బెల్లం రంగుకి తిరిగింది. ముందు ఫోర్కు వంగింది, స్పోకులు సగం లేవు. కార్బురేటర్ ఉండాల్సిన చోట గుడ్డ పీలిక కుక్కి ఉంది. కంపెనీవాళ్ళ బొమ్మల పుస్తకం నకలొకటి సంపాదించి, వదిన దాన్ని లేత్ పక్కన క్లిప్పుతో తగిలించింది. ఏ బోల్టు ఎటు తిరుగుతుందో, ఏ వాషరు ఎక్కడ కూర్చుంటుందో అందులో గీసి ఉంది. అప్పటినుంచి ఆ పుస్తకంలో ఉన్నది ఒప్పు, లేనిది తప్పు.

తల ప్రాణం తోకకొచ్చింది అంటారే, ఆ నెలలన్నీ అలాగే గడిచాయి. ఫోర్కు గొట్టాలను వదిన తనే సాపు చేసింది. రిమ్ములు నిలబెట్టి స్పోకులు ఒక్కొక్కటీ బిగించి, వేలితో మీటి, అన్నీ ఒకే మోత మోగేదాకా వదల్లేదు. వెనక చక్రాన్ని మోసే స్వింగ్ ఆర్మ్‌కి గన్‌మెటల్ బుష్‌లు పట్టింది, వెనక చక్రానికి కొత్త ఇరుసు పట్టింది. కార్బురేటర్ ఎక్కడో ఒక తోటలో మూలపడ్డ నీళ్ళ పంపు మీద దొరికింది. దాన్ని వాళ్ళు ఎలా తగిలించారో ఆ పైవాడికే తెలియాలి. పాయింట్లు ఒకపట్టాన నిప్పు రవ్వ ఇవ్వకపోతే ఆడపడుచుకి ఓపిక చచ్చింది.

"కొత్త రకం ఎలక్ట్రానిక్ పెట్టెయ్ వదినా. మూత లోపల ఎవడు చూస్తాడు?"

"నేను చూస్తా."

"నువ్వు తనిఖీ చెయ్యవుగా!"

"నువ్వు పిల్లలకి పరుగు పందెం పెట్టినప్పుడు, నీ వెనకాల ఎవడైనా అడ్డదారిన పడొస్తే ఊరుకుంటావా? నోరు మూసుకుని ఆ స్క్రూడ్రైవర్ ఇలా ఇయ్యి."

ఇంత పట్టుదల మనిషి ఒక్కచోట కాలు జారింది. ఎడమవైపు ఫుట్‌రెస్ట్ దగ్గర ఆవిడ మొహం చిట్లించింది. పుస్తకంలో ఉన్నది గుండ్రటి గొట్టం, దాని మీద నల్ల రబ్బరు. కుడివైపు అలాగే ఉంది. ఎడమవైపు మాత్రం గ్రీజూ మట్టీ ఏళ్ళ తరబడి గడ్డకట్టిన మొరటు మొద్దు. "ఏ దారిన పోయే దానయ్య తగిలించాడో ఈ దరిద్రం!" అని బోల్టు విప్పి తుక్కు డ్రమ్ములోకి విసిరేసింది. కడక్కుండా ఏ ముక్క మీదా తీర్పు చెప్పకని అత్తగారు నెత్తీ నోరూ కొట్టుకుని నేర్పిన పాఠం, పుస్తకం ఎదురుగా ఉండేసరికి గాలికి పోయింది. ఆపైన అసలు కంపెనీ ఫుట్‌రెస్ట్ కోసం తొక్కని గడప లేదు. చివరికి పాత బళ్ళు పోగుచేసే ఒకాయన దగ్గర, పెట్టెలోంచి తీయని ముక్కే దొరికింది. దాని బదులు ఆయన బండికి గేరు షాఫ్టు పట్టి ఇచ్చి తెచ్చుకుంది.

బండి తయారైంది. ట్యాంకు ఎరుపు మిలమిల్లాడింది. ఒక్క కిక్కుకే మేలుకుని, ఆ పాత రెండు స్ట్రోకుల గొంతుతో పెరడంతా దద్దరిల్లేలా అరిచింది. ఆ చప్పుడుకి మామగారు పిలవకుండానే పెరట్లోకి వచ్చాడు. ఆయన ట్యాంకు నిమిరాడు, బ్రేకు నొక్కాడు, షాక్‌లు అదిమి చూశాడు. ఆడపడుచు భుజం పట్టుకుని బండెక్కి కూర్చున్నాడు. కుడికాలు పెట్టాడు. ఎడమకాలు పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"బాగుందమ్మా. షోరూం బండిలా ఉంది" అని మెల్లగా దిగాడు. "నేను తోలింది మాత్రం ఇది కాదు."

అని సందులోంచి చుట్టూ తిరిగి వెళ్ళిపోయాడు.

వదిన ఒళ్ళు మండిపోయింది. "షోరూం బండా? షోరూం బండంటాడా! నెలల తరబడి ఈ చేతులతో ఎముక ఎముకా ఏరి నిలబెడితే, పుండు మీద కారం చల్లినట్టు ఆ మాటా!" అని చేతిలో గుడ్డ నేలకేసి కొట్టింది. ఆడపడుచు గుడ్డ తీసి బల్ల మీద పెట్టింది. కోపం దిగాక వదిన మొహంలో ఇంకో ఆలోచన వచ్చింది. మామగారు కాలు పెట్టి తీసింది ఎడమవైపు.

మరుక్షణం తుక్కు డ్రమ్ము నేల మీద బోర్లాపడింది. రజనూ, విరిగిన బోల్టులూ, అరిగిన పళ్ళ చక్రాలూ చెల్లాచెదురయ్యాయి. వాటి మధ్య ఆ మొద్దు దొరికింది. వదిన దాన్ని కిరసనాయిల్లో నానేసి, బ్రష్షు పెట్టి తోమింది. మట్టి వదిలేకొద్దీ లోపలి మనిషి బయటపడ్డట్టు అసలు రూపం తేలింది. లారీ కమాను పట్టీలోంచి కోసిన ముక్క అది. పైన ఆరు పళ్ళు. ఒక్కొక్కటీ ఆకురాయితో చేత్తో తీసినవి, మిషను చెయ్యి పడలేదు. మూడో పన్ను కాస్త వంకర. తిరగేసి చూసింది. అడుగున, బోల్టు కన్నం పక్కన, కాస్త వంకరగా పడ్డ చుక్క ఒకటి ఉంది.

వదిన అక్కడే రజనులో కూలబడింది. చుక్క ఉందంటే ఈ షెడ్డులో పుట్టిన ముక్కే. తను ఎవరి చేతిపనిని తీసుకెళ్ళి తుక్కులో వేసిందో అర్థమైంది. తనను కొట్టేవాళ్ళు లేక, తన చెంప తనే ఒకటి వాయించుకుంది.

తడి ముక్కను కొంగులో పెట్టుకుని వెళ్ళి మామగారి ముందు నిలబడింది. ఆయన దాన్ని చూసి చెయ్యి చాచాడు. బొటనవేలు సరిగ్గా మూడో పన్ను మీదకి పోయింది.

"రబ్బరు ఫుట్‌రెస్ట్ పందేనికి ముందురోజు విరిగింది" అన్నాడు. అన్ని మాటలు ఆయన నోట విని ఎన్నాళ్ళయిందో. "దొరికే దారి లేదు. పందెం మానుకుంటానన్నా. అప్పటికి మీ అత్త కాపురానికొచ్చి ఎన్నాళ్ళో కాలేదు. షెడ్డు మా నాన్నది, ఆడవాళ్ళకి అక్కడ పనేంటనేవాడు. ఆయన నిద్రపోయే వేళ చూసి అది కమాను ముక్క కాల్చి, బూడిదలో ఆరబెట్టి, మెత్తబడ్డాక పళ్ళు తీసింది. మళ్ళీ కాల్చి, గట్టిపడేలా నీళ్ళలో ముంచింది. రబ్బరైతే బురదలో బూటు జారుతుంది, పళ్ళుంటే పట్టుకుంటుంది అంది. బురదలో బండి తోలేది నేను, ఆ మాట చెప్పింది అది."

"చుక్క?"

"అది చేసిన మొదటి ముక్క అదేనమ్మా. బాగుందా, బాగుందా అని చంపుకుతింది. నాకు మాటలు రావుగా. పంచ్ తీసి చుక్క కొట్టా. ఇదే నా జవాబు అన్నా. ఆ తర్వాత దాన్నే కట్టుబాటు చేసేసింది, మొండిఘటం." ఆయన నవ్వాడు. "నేను గెలిచింది ఆ ఒక్క పందెమే. దుమ్ము గాడిని తడి మలుపులో దాటా. వాడు లోపలికి తోసుకొచ్చాడు, ఇద్దరం రాసుకున్నాం, వాడేదో పెడబొబ్బ పెట్టాడు. నేను తిరిగి చూడలేదు."

దుమ్ము అంటే ఆ రోజుల్లో అందరినీ ఓడించిన మొనగాడు. వెనకున్న వాళ్ళకి అతని దుమ్ము తప్ప ఇంకేం కనబడేది కాదట, అందుకే ఆ పేరు.

వదిన ఆ సాయంత్రమే కంపెనీ ముక్క విప్పి, ఆరు పళ్ళది బిగించింది. ఆడపడుచు గోళ్ళు కొరుక్కుంటూ చూసింది. "పుస్తకంలో లేదు కదా వదినా. తనిఖీలో తీసేస్తే?" అంది. వదిన బోల్టును ఇంకో మెలిక బిగించింది. ఆడపడుచు మాత్రం ఎందుకైనా మంచిదని కంపెనీ ముక్కను తన సంచిలో వేసుకుంది.

క్వారీ దగ్గర ఆ పొద్దున జనం, పాత ఇంజన్ల పొగ, కాలిన నూనె వాసన. తనిఖీ బల్ల దగ్గర మెడలో కళ్ళద్దాల తాడున్న ఒకాయన అదే బొమ్మల పుస్తకం పట్టుకుని నలభై ఒకటో నంబరు బండి చుట్టూ తిరిగాడు. కార్బురేటర్ చూసి తలాడించాడు. మూత విప్పించి పాయింట్లు చూసి, "అబ్బో!" అన్నాడు. వదిన ఆడపడుచు వంక ఓరగా చూసింది. అంతలో ఆయన ఎడమవైపు వంగి, ఆగిపోయాడు.

"ఇది ఇందులో లేదండీ."

"ఆ కాలంలో మా షెడ్డులో చేసిందండీ" అంది వదిన.

"ఆ కాలంలో చేసుకున్నవి ఒప్పుకుంటాం. కానీ ఆ కాలందేనని ఎవరు చెప్పాలి? మీరు లేత్ పని చేస్తారటగా. ఈ పనితనం చూస్తుంటే, ఇలాంటిది పోయిన నెల చేసి పాతదని చూపించడం మీకు లెక్కా?"

అది తిట్టో పొగడ్తో వదినకు తెలియలేదు. అయినా తల ఎత్తింది. "చెయ్యగలను. ఇంతకంటే నున్నగా చేస్తాను. నేను చేసుంటే ఆ మూడో పన్ను వంకర పోనిచ్చేదాన్ని కాదు."

"అమ్మా, నేను నమ్మినా నియమం నమ్మదు. వేరేది ఉంటే మార్చండి. లేకపోతే బండి తాడు అవతల పెట్టండి."

ఆడపడుచు సంచిలోంచి కంపెనీ ముక్క సగం పైకి తీసింది. మామగారు వదిన దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "మార్చెయ్యమ్మా. పిల్ల ఆశపడింది. నీ కష్టమూ వృథా కాకూడదు."

"మీరు చుక్క కొట్టిన మొదటి ముక్క మామయ్యా అది. ఒకసారి నా చేత్తో తుక్కులో వేశాను. రెండోసారి విప్పను" అంది వదిన. ఆడపడుచు వైపు తిరిగి, "తోలేది నువ్వు. నీ మాట చెప్పు" అంది.

ఆడపడుచు బండిని చూసింది, క్వారీ మలుపుల్ని చూసింది. ముక్కను సంచిలో అడుగుకంటా తోసేసింది. "అమ్మ ముక్క ఉంటేనే ఎక్కుతా. లేకపోతే తాడు అవతలే నిలబడదాం, ముగ్గురం."

అక్కడ గోల చూసి చేతికర్ర నేలకు పొడుస్తూ ఒక ముసలాయన వచ్చాడు. ఆ పందేనికి పెద్ద ఆయనే. మామగారిని చూసి కనుబొమలు ముడిచాడు. "నువ్వింకా ఉన్నావట్రా?" అన్నాడు.

"నువ్వు పోతే చూసి పోదామని ఆగా దుమ్మూ" అన్నాడు మామగారు.

తనిఖీ ఆయన విషయం చెప్పాడు. దుమ్ము కర్ర మీద బరువేసి వంగి ఫుట్‌రెస్ట్ చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ తర్వాత అందరూ నోరెళ్ళబెట్టేలా కుడికాలి ప్యాంటు మోకాలి దాకా పైకి లాగాడు.

"విప్పమ్మా దాన్ని."

వదిన బోల్టు విప్పి చేతికిచ్చింది. ఆయన పిక్క మీద వెంట్రుకలు మొలవని ఆరు పాత మచ్చలు ఒక వరసలో ఉన్నాయి. పళ్ళను ఆ మచ్చల మీద ఆనించాడు. ఒకటి, రెండు, కుదిరాయి. మూడో మచ్చ వరస తప్పి పక్కకుంది. మూడో పన్ను కూడా సరిగ్గా అక్కడికే వంగి ఉంది. మిగతా మూడూ చెప్పినట్టు కూర్చున్నాయి.

చుట్టూ ఉన్న జనం ఘొల్లుమని నవ్వారు. తనిఖీ ఆయన పుస్తకం మూసేశాడు.

"నలభై ఏళ్ళు! మా ఆవిడ అడిగితే కుక్క కరిచిందని చెప్పా!" అని దుమ్ము అరిచాడు. "ఈ పళ్ళు తీసినవాడు దొరికితే నాలుగు తగిలిద్దామని అప్పట్నుంచీ చూస్తున్నా. ఎవడ్రా వాడు?"

"వాడు కాదు" అన్నాడు మామగారు, ఛాతీ విరుచుకుని. "మా ఇంటావిడ."

దుమ్ము చేతిలోని ఫుట్‌రెస్ట్ వంక మళ్ళీ చూశాడు. "ఉన్నారా?" అన్నాడు, గొంతు మార్చి.

"మూడేళ్ళయింది."

దుమ్ము పైకి లాగిన ప్యాంటు సర్దుకున్నాడు. ఫుట్‌రెస్ట్‌ను రెండు చేతులతో వదినకు తిరిగి ఇచ్చాడు. "ఇది నా మోకాళ్ళ నొప్పుల కంటే పాతది. సాక్ష్యం నా ఒంటి మీదే ఉంది. రాసుకోవయ్యా, నలభై ఒకటి పందెంలో ఉంది" అన్నాడు.

పందెం సంగతి పెద్దగా చెప్పడానికి లేదు, ఎందుకంటే వదిన సగం చూడలేదు, కళ్ళు మూసుకుంది. చివరి చుట్టులో తడి మలుపు దగ్గర ముందున్న ముగ్గురిలో ఇద్దరి బూట్లు జారి, బండ్లు అటూ ఇటూ తూలాయి. ఆడపడుచు ఎడమకాలు అదిమిపట్టి వాళ్ళ పక్కనుంచి దూసుకుపోయింది. రెండో స్థానం. దిగి బూటు తిప్పి చూపిస్తే అడుగున ఆరు గాట్లు. మామగారు ఆ గాట్లు చూసి, పక్కనున్న దుమ్ము వీపు మీద ఒక్కటి చరిచాడు. వదిన అడిగిన ప్రతివాడికీ గర్వంగా, "మా అత్తగారి పని" అని చెప్పుకుంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఈవిడకి మాత్రం రచ్చ ముందొచ్చింది, ఇల్లింకా మిగిలే ఉంది.

సాయంత్రం బండి కడిగి షెడ్డులో నిలబెట్టారు. ఆడపడుచు టీ పెడతానని వంటింట్లోకి పోయింది. వదిన గుడ్డతో స్పోకులు తుడుస్తుంటే షట్టరు దగ్గర నీడ పడింది. మామగారు సందులోంచి వెళ్ళలేదు. గడప దగ్గర చెప్పులు విడిచి, షట్టరు కింద తల వంచి లోపలికి వచ్చాడు. లేత్ మీద చెయ్యి వేసి ఊపిరి పీల్చుకున్నాడు.

"పంచ్ ఎక్కడుంది?"

"ఉండేచోటే మామయ్యా."

మేకు మీంచి పంచ్ తీసుకున్నాడు. "వెనక ఇరుసు నువ్వు పట్టిందేనా? బయటికి తియ్యి."

వదిన ఇరుసు లాగి, తుడిచి ఇచ్చింది. ఆయన కళ్ళు మూసుకుని బొటనవేలితో ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమాడు. వదిన కొత్త కోడలిలా చేతులు కట్టుకుని నిలబడింది. ఆయన ఒకచోట ఆగాడు.

"ఇక్కడ అంచు ఇంకాస్త అరగదియ్యాలి. చెయ్యి కోస్తుంది."

అంతే, వదినకు ఎక్కడలేని సంతోషం వచ్చింది. తప్పు పట్టే మనిషి వచ్చాడు! ఆకురాయి అందుకుని రెండుసార్లు లాగి ఇచ్చింది. మళ్ళీ తడిమాడు. తల ఊపాడు. ఇరుసును బల్ల మీద ఆనించి, కొస మీద పంచ్ నిలబెట్టి సుత్తి ఎత్తాడు. దెబ్బ కాస్త పక్కకి పడింది.

"వంకర పోయింది" అన్నాడు.

"మీరు కొట్టిన మొదటి చుక్క కూడా అంతే మామయ్యా."

ఆయన అత్తగారి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "రేపేం పనుంది?"

"పంపు షాఫ్టు ఒకటి, బుష్‌లు నాలుగు."

"అయ్యాక పిలువు" అని పంచ్‌ను జేబులో వేసుకున్నాడు.

వదిన ఇరుసు చేతిలో పట్టుకుని, ఆ చుక్కను వేలితో తడుముతూ నిలబడిపోయింది. చెంపల మీదుగా నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు.

"వదినా! పాలు పొంగిపోయాయి!" అని వంటింట్లోంచి ఆడపడుచు అరిచింది.

"పొంగనీవే!" అంది వదిన.